సార్ చూసినంక పంపాలె

బుధవారం పొద్దున గూడెం నుంచి చిన్నమ్మ ఫోన్ చేసేటప్పటికి వనజ ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని రెండు వేళ్ళతో బయటికి లాగుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"అక్కా, నేను చిన్నమ్మను. బల్మూర్ అవతలి గూడెంకెల్లి. నేను రాసిన ఉత్తరం డబ్బాల పడలేదా?"

"ఎప్పుడు రాసినవ్?"

"ఆయితారం ఒకటి, నిన్న ఒకటి. పిండి పాకిట్లు ఖరాబయినయ్ అక్కా. ఇప్పితే ముక్క వాసన. లోపల పురుగులు గూడు కట్టినయ్. మా అన్న బిడ్డకు నాలుగు దినాల సంది కక్కుడు, విరేచనాలు. ఇంకిద్దరు పిల్లలకు గూడ గట్లనే ఉంది. అందరికీ తెల్వాలనే రాస్తిని. ఉప్పునుంతల సంఘం రుక్కమ్మను అడిగితే ఏ ఉత్తరం రాలే అంటది."

కాగితం చిరిగి సగం చేతికొచ్చింది. వనజ దాన్ని వదిలేసి కుర్చీలో కూర్చుంది.

డబ్బా అని ఆడవాళ్ళు పిలిచేది వనపర్తిలోని మహిళా సంఘాల సమాఖ్య ఆఫీసులో వనజ బల్ల కింద ఉన్న నల్లటి మిషనును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో సమాఖ్యకు నూట నలభై సంఘాలున్నాయి. ఒక్కో సంఘంలో లెక్కలు, తీర్మానాలు రాసే ఒక అమ్మాయి ఉంటుంది. ఆమె తన ఫోను నుంచి డబ్బా చిరునామాకు ఒక మెయిలు రాస్తే అది నూట నలభై సంఘాలకూ పోతుంది. ప్రతి సోమవారం సంఘం కూర్చున్నప్పుడు ఆ వారం వచ్చిన ఉత్తరాలన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా, పైకి చదవాలి. ఒక్కొక్కటి చదవడం కాగానే రిజిస్టరులో 'విన్నాము' అని రాసి అందరూ సంతకాలో వేలిముద్రలో పెట్టాలి. ఫోన్లో చెప్పిన మాట, వాట్సాప్‌లో వచ్చిన మాట రిజిస్టరులోకి ఎక్కవు. ఒకరి సంగతి ఇంకొకరు రాసినా చెల్లదు. రెండేళ్ళ కింద కంది విత్తనాలు చచ్చు విత్తనాలని ఫోన్లలో పుకారు లేస్తే నలభై ఊళ్ళు బస్తాలు వెనక్కి పంపేశాయి. మంచి విత్తనాలు గోదాములో ఉండగా చేలు బీడు పడ్డాయి. అప్పటి నుంచి డబ్బాలో రానిది వచ్చినట్టు కాదని సమాఖ్యే తీర్మానం చేసుకుంది.

పిల్లలకూ బాలింతలకూ ఇచ్చే పిండి కూడా సమాఖ్యదే. తైదలు, జొన్నలు, పెసర్లు, పల్లీలు వేయించి వనపర్తిలోనే పట్టించి పాకిట్లు కడతారు. అడవి గూడేలకు బండి దూరం కాబట్టి వాళ్ళకు వారం ముందే దింపుతారు. మిగతా ఊళ్ళకు దిగిన బస్తాలు సంఘం గదుల్లో ఉన్నాయి. సోమవారం మీటింగు అయ్యాక విప్పుతారు.

వనజ డబ్బా పేజీ తెరిచింది. సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ఒక్కో పేరు పక్కన చిన్న గడి. గడిలో టిక్కు ఉంటే ఆ మనిషి ఉత్తరం నేరుగా పోదు. మేనేజరు చూసి వదిలితేనే పోతుంది. చిన్నమ్మ పేరు పక్కన టిక్కు ఉంది.

"నీది ఆగింది చిన్నమ్మా. ఎట్లనో టిక్కు పడ్డది. నేను తీస్తున్న. మల్లొకసారి పంపు."

"ఆగినవాటినే పంపరాదా అక్కా?"

"అవి తెరిచే పాస్‌వర్డు సార్ కాడ ఉంటది. నా చేతిల లేదు."

అవతల గాలి చప్పుడు. "మాకు సిగ్నల్ రోడ్డు మలుపు కాడనే వస్తది. గంటన్నర నడిచి వచ్చిన. చార్జింగ్ గూడ అయిపోతున్నది. రేపు పొద్దుగాల మల్ల వచ్చి పంపుత. నువ్వు చూస్తవు గద?"

"నేను చూస్త. నీకు మాటిస్తున్న."

టిక్కు తీసింది. భద్రపరచు అన్న చోట నొక్కింది. మార్పు భద్రమైందని ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చింది. నమ్మకం చాలక పేజీ మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. గడి ఖాళీగానే ఉంది.

*

గురువారం పదింటికి చిన్నమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఏడింటికే పంపిన అక్కా. అందిందా?"

వనజ అప్పుడే మిషను వేసింది. సాయంత్రం ఆరింటికి అటెండరు యాదయ్య మెయిన్ స్విచ్ కట్టేసిపోతాడు, పొద్దున తొమ్మిదిన్నరకు వేస్తాడు. ఇన్వర్టరు మీద రాత్రంతా నడపొద్దని మేనేజరు ఆర్డరు. రాత్రి వచ్చిన ఉత్తరాలు పొద్దున మిషను లేచాక వచ్చి పడతాయి. వనజ చూసింది. కొత్తవి నాలుగు వచ్చాయి. చిన్నమ్మది లేదు.

సభ్యుల పేజీ తెరిచింది. చిన్నమ్మ పేరు పక్కన టిక్కు ఉంది.

"తీసిన గద నిన్న!" అని పైకే అనేసింది.

"ఏమాయె అక్కా?"

"మల్ల టిక్కు పడ్డది. నిన్న నేను తీసిన, రెండుసార్లు చూసుకున్న గూడ. ఎట్ల పడ్డదో తెల్వదు."

 "నేను నిలబడే ఉన్న, ఇప్పుడు పంపుదునా?" అంది. "పంపు" అంటుండగానే లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

వనజ పేర్ల జాబితాను మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చూసింది. చిన్నమ్మ ఒక్కదానికే కాదు, పదకొండు మందికి టిక్కులున్నాయి. పదకొండు సంఘాలూ నల్లమల గూడేలవే. మైదానం ఊళ్ళలో ఒక్క పేరుకూ లేదు.

హైదరాబాదులో డబ్బా మరమ్మతు చూసే సురేందర్‌కు ఫోన్ చేసింది. ఈ అయిదేళ్ళలో అతని మొహం ఆమె చూడలేదు, గొంతే తెలుసు.

"మేడమ్, సేవ్ కొట్టినరా?"

"కొట్టిన."

"కింద బటన్ ఉంటది. చాలమంది మేడమ్‌లు పైన మార్చి కిందికి రారు. ఊకె బంద్ చేసి పోతరు."

"కింది బటనే కొట్టినన్న. ఆకుపచ్చ అక్షరాలు వచ్చినయ్. మూసి, తెరిచి చూసిన."

"అట్ల కాదు మేడమ్. సేవ్ చేసింది దానంతటదే ఎందుకు పోతది? ఇంట్ల పనుల పరేషాన్ల ఒక్కోసారి మనం చేసిన అనుకుంటం."

వనజ పళ్ళు బిగపట్టింది. ఇంట్లో పొద్దున పది మందికి రొట్టెలు చేసి వచ్చినా, పప్పులో ఉప్పు వేసిందో లేదో ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. "ఈసారి ఫోటో తీసి పంపుత" అని పెట్టేసింది. పదకొండు టిక్కులూ తీసింది. భద్రపరిచింది. ఫోనుతో తెర ఫోటో తీసింది. నోటుబుక్కులో తేదీ, వేళ, పదకొండు పేర్లు రాసుకుంది.

తర్వాత మేనేజరు గదిలోకి పోయింది. మహేందర్ సార్ మర్నాటి హైదరాబాదు మీటింగుకు కాగితాలు సర్దుకుంటున్నాడు.

"సార్, గూడెం నుంచి చిన్నమ్మ రాసిన ఉత్తరాలు ఆగి ఉన్నయ్. మీరు జర తెరిచి వదిలితే—"

"పిండి సంగతేనా? రోజూ మెయిలు వస్తనే ఉంది, ఇన్ని ఆగినయ్ అని. చూస్త."

"సార్, పిల్లలకు విరేచనాలు అవుతున్నయంట. మిగతా ఊర్ల సోమవారం విప్పుతరు."

ఆయన తల ఎత్తాడు. కోపం లేదు, ఓపిక ఉంది. ఆ ఓపికే వనజకు కారం పూసినట్టయింది. "వనజా, వాళ్ళు గుడిసెలల్ల పెడతరు, కింద తడి ఉంటది. వాళ్ళ దగ్గర ఖరాబైతే పిండి ఖరాబైనట్టా? వాళ్ళు రాసింది రాసినట్టు పోతే నూట నలభై ఊర్ల ఆగమాగం అయితది. హైదరాబాద్ నుంచి వచ్చినంక నేనే మిల్లుకు పోయి చూస్త."

"సోమవారం లోపల చూస్తరా సార్?"

"చూస్త అన్న గద. నువ్వు దాంట్ల చెయ్యి పెట్టకు."

ఆమె బయటికి వచ్చి, వరండాలో నిలబడి అధ్యక్షురాలు సుగుణమ్మకు ఫోన్ చేసింది. పాన్‌గల్‌లో ఆమె చేనులో ఉన్నట్టుంది, కూలీల మాటలు వినిపిస్తున్నాయి. సంగతంతా విన్నది.

"డబ్బాల రానీ బిడ్డా. వచ్చిన గడియల నేనే అన్ని ఊర్లకు చెప్పి బస్తాలు ఆపిస్త. ఫోన్ మాట మీద నేనే ఆపితే, విత్తనాలప్పుడు ఏమైందో ఎరుకనే గద? నేను చెప్పిన రూలు నేనే తప్పితే ఎవరింటరు?"

"పిల్లల సంగతి సుగుణమ్మా!"

"అందుకే గద, తొందరగ డబ్బాల వేయించమంటున్న."

*

ఆ సాయంత్రం వనజ జొన్నపిండి మీద వేడినీళ్ళు పోసి కలుపుతోంది. అత్త నాగేంద్రమ్మ పీట మీద కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. ఆమె పుట్టిల్లు కృష్ణ దాటి, గద్వాలకు అవతల, కన్నడ మాట్లాడే ఊరు.

"ఏందట్ల దంచినట్టు కొడుతున్నవ్? సుమ్మనే ఉండే పిండి, అదేం పాపం చేసింది?"

వనజ చెప్పింది. పదకొండు టిక్కులు, సురేందర్ మాట, సార్ ఓపిక, అన్నీ చెప్పింది. చెప్తున్న కొద్దీ రొట్టె పల్చనై అంచులు చీలిపోతున్నాయి. "వాళ్ళ ఉత్తరాలే ఎందుకు ఆగాలె అత్తమ్మా? మన ఊర్ల నుంచి ఏం రాసినా పోతది. పెండ్లి పత్రికలు గూడ పోతయ్. గూడెం నుంచి పిల్లలు సస్తున్నరని రాస్తే సార్ చూడాలె!"

"మరి కొత్తగ చేరినోళ్ళేమో."

"మూడేండ్లాయె!"

నాగేంద్రమ్మ చేటలోని ఈనెలను పక్కకు తోసింది. "నువ్వు కొత్తల వచ్చినప్పుడు ఏం కావాలన్నా నాకే చెప్తుంటివి. నేను పోయి మీ మామకు చెప్తుంటి. నువ్వు నేరుగ మాట్లాడుడు నాకు సుత ఇష్టం లేకుండె. ఏండ్లు గడిచినా అదే నడిచింది. ఒగసారి నీకు జరం వస్తే దవాఖానకు పోతనన్నవ్, నేను మీ మామకు చెప్పుడు మర్చిన. రెండు దినాలు గట్లనే పండుకున్నవ్."

"నాకు గుర్తే."

"నాకు పగ లేకుండె గదనే నీ మీద. మర్చిన, అంతే."

అంత తేలికగా అన్నదానికి వనజకు ఒళ్ళు మండింది. పెనం మీద రొట్టె పొంగింది, గుడ్డతో గట్టిగా నొక్కింది.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకు యాదయ్య కంటే ముందే ఆఫీసు గేటు దగ్గర నిలబడింది. ఆయన తాళం తీసి స్విచ్ వేశాడు. మిషను లేచింది. పేజీ తెరిస్తే పదకొండు గడుల్లో పదకొండు టిక్కులు.

వనజ నిన్నటి ఫోటో తీసి పక్కన పెట్టుకుని చూసింది. నిన్న ఖాళీ, ఈరోజు నిండు. ఆమె మర్చిపోలేదు. ఆమె తప్పు కాదు.

"యాదన్నా, నిన్న ఆరింటి తర్వాత ఈ గదిలకు ఎవరన్న వచ్చిండ్రా?"

"నేను తాళమేసిన తర్వాత ఎల్క గూడ రాదు. ఎందుకు?"

"ఎవరో ఈ మిషను మీద చెయ్యి పెడుతున్నరు."

"సార్ తప్ప ఎవరికి అవసరం?" అని యాదయ్య నవ్వాడు. వనజ నవ్వలేదు. తనకూ అదే అనిపిస్తోంది. హైదరాబాదు నుంచే తెరిచి టిక్కులు పెడుతున్నాడు, 'దాంట్ల చెయ్యి పెట్టకు' అన్నది అందుకే. ఆ మాట ఎవరి ముందు ఎట్లా అనాలో మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టింది.

పదకొండింటికి చిన్నమ్మ ఫోను. ఈసారి గొంతు వేరుగా ఉంది. "పొద్దుగాల మల్ల పంపిన. మా అన్న బిడ్డను జీపుల ఏసుకొని పెద్ద దవాఖానకు పోతున్నం. తొవ్వల సిగ్నల్ వస్తే చేసిన. పోయిందా అక్కా, ఈసారన్న?"

"లేదు చిన్నమ్మా."

"నీ మాట నమ్మి రెండుసార్లు దిగిన." అరవలేదు. "మేం రాసేది తప్పుంటే చెప్పున్రి, దిద్దుకుంటం. ఊకె ఎందుకు ఆపుతరు?"

జీపు ఇంజను చప్పుడులో పిల్ల మూలుగు వినిపించింది.

ఫోను పెట్టాక మళ్ళీ పదకొండు టిక్కులు తీసింది. ఆగిన ఉత్తరాన్ని మళ్ళీ పంపమని చెప్పడానికి చిన్నమ్మ దవాఖానకు చేరేదాకా ఆగాలి. అంతసేపూ తెర ముందు నుంచి లేవకూడదనుకుంది. ఎవడు మారుస్తాడో చూస్తాను అనుకుంది. టిఫిను డబ్బా అక్కడే విప్పుకుని, కుడి చేత్తో తింటూ ఎడమ చేత్తో అయిదు నిమిషాలకొకసారి పేజీ తిప్పింది. పన్నెండు. ఖాళీ. పన్నెండున్నర. ఖాళీ.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా కరెంటు పోయింది. ఇన్వర్టరు రెండుసార్లు కూసి చల్లబడింది. ఫ్యాను ఆగింది, మిషను ఆగింది. పది నిమిషాలకు కరెంటు వచ్చింది. వనజ చేయి కడుక్కుని పేజీ తెరిచింది.

పదకొండు టిక్కులు.

ఆమె కుర్చీని వెనక్కి నెట్టింది. ఈ పది నిమిషాల్లో మిషను చచ్చి ఉంది. చచ్చిన మిషనును హైదరాబాదు నుంచి ఎవరూ తెరవలేరు. ఎవరూ రాత్రి రాలేదు. మళ్ళీ టిక్కులు తీసింది, తానే స్విచ్ ఆర్పి వేసింది. టిక్కులు వచ్చాయి. ఇంకోసారి చేసింది. వచ్చాయి.

సురేందర్‌కు చేసింది. "అన్నా, మధ్యలో మాట్లాడకు, విను. మిషను ఆర్పి వేసినప్పుడల్ల పదకొండు టిక్కులు వస్తున్నయ్. ఆర్పకపోతే వస్తలేవు. మూడుసార్లు చేసి చూసిన."

"అట్లయితే మిషను లేసేటప్పుడు చదివే ఫైలు ఉంటది మేడమ్. దాంట్ల ఎవరో రాసి పెట్టిండ్రు." ఎక్కడ తెరవాలో ఒక్కొక్క మాటా చెప్పాడు. వనజ ఒక్కొక్క మాటా టైపు చేసింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు దిగాయి. పదకొండు పేర్లు. ఒక్కో పేరు ముందు ఆపమని ఆజ్ఞ. కింద మేనేజరు పాస్‌వర్డు కూడా ఉంది. ఆపినవాటిని ఎవరు చూడాలో చెప్పే వరస అది.

"తేదీ ఎంత ఉంది మేడమ్?"

"మూడేండ్ల కిందిది. ఆగస్టు."

"ఆ! యాదికొచ్చింది." అతని గొంతులో తేలిక వచ్చింది. "అప్పుడు మీ ఆఫీసు నుంచి ఎవరో మేడమ్ రోజూ ఫోన్ చేసి సతాయించింది. అడవి గ్రామాలోళ్ళ ఉత్తరాలు ఆపమని సార్ చెప్పిండు, టిక్కు పెడితే కరెంటు పోయినప్పుడల్ల పోతున్నది, పోకుండ చెయ్యమని. అప్పట్ల మిషనుకు ఆ రోగం ఉండె. నేను ఫోన్ల చెప్తుంటే ఆమెనే టైపు చేసింది. మంచిగనే చేసింది చూడున్రి, ఇన్నేండ్లయినా పోలే."

వనజ ఫైలు మొదటి వరస చదివింది. మిషను పట్టించుకోకుండా వదిలేసే వరస, మనుషులు గుర్తు కోసం రాసుకునేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: అడవి గ్రామాలు. కొత్తవాళ్ళు. రాసుడు సరిగా రాదు. సార్ చూసినంక పంపాలె. చివర చిన్నగా, వనజ.

"హలో మేడమ్? ఉన్నరా? ఆ మేడమ్ ఇంక అక్కడనే ఉందా?"

"ఉంది" అని పెట్టేసింది.

ఆ ఆగస్టు నెమ్మదిగా గుర్తుకొచ్చింది. గూడేలు చేరిన మొదటి నెల. ఉత్తరాల్లో సగం అక్షరాలు మింగేసేవాళ్ళు, మైదానం సంఘాల వాళ్ళు చదువుతూ నవ్వుతున్నారని ఫిర్యాదు వచ్చింది. ట్రైనింగ్ అయ్యేదాకా నేను చూసి పంపుతా అన్నాడు సార్. టిక్కు పెట్టింది తాను. పోతున్న టిక్కు పోకుండా చూడాలని వారం రోజులు కొట్లాడింది తాను. పని అయిన రోజు యాదయ్యతో చాయ్ తెప్పించుకుని తాగింది. సార్ మెచ్చుకున్నాడు కూడా. ట్రైనింగ్ ఆ దీపావళికే అయిపోయింది. టిక్కులు తీయాలని ఎవరికీ గుర్తు లేదు. తీయమని అడగాల్సినవాళ్ళ ఉత్తరాలు ఆగి ఉన్నాయి.

రెండు రోజుల నుంచి గొంతులో దాచిపెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. యాదయ్య గుమ్మంలో నిలబడి "దొరికిండా దొంగ?" అన్నాడు. తల ఊపింది.

ఫైలులోని పదకొండు వరసలూ చెరిపింది. మిషను ఆర్పి వేసింది. గడులు ఖాళీగా ఉన్నాయి. ఇంకోసారి ఆర్పి వేసి చూసి, అప్పుడు ఆ పాస్‌వర్డుతో ఆగిన ఉత్తరాల గది తెరిచింది.

నూట అరవై మూడు.

అన్నిటికంటే పైన చిన్నమ్మవి అయిదు. ఆదివారం ఒకటి, మంగళవారం ఒకటి, గురువారం రెండు, శుక్రవారం ఒకటి. గురువారం రెండోది రెండు మాటలే, చార్జింగ్ అయిపోయేలోపు పంపినట్టుంది: పిండి పెట్టొద్దు. వనజ ముందు అయిదింటినీ వదిలింది. తెర మీద నూట నలభై సంఖ్య కనిపించేదాకా చూసి, సుగుణమ్మకు ఫోన్ చేసి "డబ్బాల వచ్చింది" అంది. "చూస్తున్న, నా ఫోన్ల గూడ మోగింది. ఇగ నాకు వదిలెయ్" అంది సుగుణమ్మ.

మిగిలినవి నూట యాభై ఎనిమిది. వాటిని ఇప్పుడు వదలాల్సిన పని లేదు. పిండి మాట పోయింది, అదే కదా ముఖ్యం. మేనేజరుతో పడే మాటలు ఈ అయిదింటికే చాలు. సోమవారం ప్రతి ఊళ్ళో ప్రతి ఉత్తరం చదివితే మూడేళ్ళ సంగతి అందరికీ తెలుస్తుంది. ఎందుకు ఆగాయని అడుగుతారు.

ఒకటి తెరిచింది. 'మా గూడెంకు టీకాల సిస్టరు వచ్చి ఆరు నెలలు అయినది. పక్క ఊరికి వస్తే చెప్పండి, మేమే పిల్లలను తీసుకొని వస్తము.' ఇంకొకటి. 'ఎలుగుబంటి పడి లింగయ్య చనిపోయినాడు. అతని భార్య మన సభ్యురాలు. అందరు తెలుసుకోగలరు.' ఇంకొకటి, ఒక్క వరస. 'మేము రాసినవి అందినవా.' ఆ వరస మళ్ళీ మళ్ళీ వచ్చింది, వేరు వేరు పేర్లతో, వేరు వేరు నెలల్లో. ఒకచోట 'తప్పులు ఉంటే క్షమించగలరు' అని చివర చేర్చారు. కిందికి పోయే కొద్దీ ఉత్తరాలు పొడుగు. పైకి వచ్చే కొద్దీ పొట్టి. ఈ ఏడు మొదట్లో రెండు నెలలు అసలు ఒక్కటీ లేదు.

ఆమె పాతదాని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వదిలింది. అన్నీ ఒకేసారి వదిలే గడి పైన ఉంది, దాన్ని నొక్కలేదు. నాలుగింటికి అయ్యాయి. అప్పుడు తన పేరుతో ఒక ఉత్తరం రాసింది. ఆరు వరసలు. ఎప్పుడు ఆగాయి, ఎన్ని ఆగాయి, ఆపమన్నది ఎవరు, టైపు చేసింది ఎవరు, తీయనిది ఎవరు. చివరి వరసలో క్షమాపణ రాసి, రెండుసార్లు చెరిపి, మళ్ళీ రాసింది. డబ్బాలో వేసింది.

*

శనివారం పొద్దున్నే మేనేజరు ఫోను. "ఎవరు పంపమన్నరు? నూరు మీద ఉత్తరాలు! నా ఫోన్ పొద్దటి సంది మోగుతనే ఉంది. ఎవరు పంపిండ్రు అవన్ని?"

"వాళ్ళే పంపిండ్రు సార్. మూడేండ్ల కింద."

"నా పాస్‌వర్డు నీకెట్ల తెల్సు?"

"నేనే టైపు చేసిన సార్, మీరు చెప్తే. దాంట్లనే ఉంది."

ఆయన మెమో ఇస్తానన్నాడు. ఇవ్వమంది. భర్త శ్రీనివాస్ పేపరు పక్కన పెట్టి ఆమె మొహం చూశాడు. "పనికి మోసమొస్తదా?" "వస్తే వస్తది" అంది. నాగేంద్రమ్మ లోపలి నుంచి విని, చాయ్ తెచ్చి ఇచ్చింది.

సోమవారం సుగుణమ్మ పిలిస్తే పాన్‌గల్ మీటింగుకు పోయింది. ముందు ఒక బస్తా మూతి విప్పారు. ముందువరసలో కూర్చున్న భాగ్యమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "థూ! గూడెమోళ్ళ గుడిసెల తడి అని సార్ ఫోన్ల అన్నడు గద, మన సంఘం గదిల ఏం తడి ఉంది?" బస్తాలన్నీ బయటికి లాగించారు. అయిదు ఉత్తరాలకు విన్నాము అని రాశారు.

తర్వాత పాతవి. చదివే అమ్మాయి దీపిక గంటకొకసారి నీళ్ళు తాగింది. మధ్యాహ్నం అన్నాలకు ఎవరూ ఇళ్ళకు పోలేదు, ఇళ్ళ నుంచే తెప్పించుకున్నారు. లింగయ్య ఉత్తరం చదివినప్పుడు కొందరు తలమీద కొంగు కప్పుకున్నారు. మేము రాసినవి అందినవా అన్నది మొదటిసారి వచ్చినప్పుడు దీపిక "విన్నాము" అని రాయబోయింది. భాగ్యమ్మ చేయి పట్టుకుంది. "ఇన్నం అంటే సరిపోతదా? వాళ్ళేం అడిగిండ్రు? అందింది అని రాయి." అది వచ్చినప్పుడల్లా అట్లాగే రాశారు. వేలిముద్రల సిరా రెండుసార్లు మార్చారు.

వనజ ఉత్తరం చివరిది. దీపిక ఆగి, చదివింది. ఎవరూ వెనక్కి తిరిగి ఆమెను చూడలేదు. "విన్నాము" అని రాసి, ఒక్కొక్కరూ వచ్చి ముద్ర వేసి, ఆమె పక్క నుంచే నడిచి ఇళ్ళకు పోయారు.

మంగళవారం పది దాటాక చిన్నమ్మ ఫోన్ చేసింది. వనజ మెమోకు జవాబు రాస్తోంది. అందులో రాయాల్సింది డబ్బాలో రాసిందే.

"పిల్ల ఎట్లుంది చిన్నమ్మా?"

"ఇంటికి తెచ్చినం. గంజి తాగుతున్నది. నిన్న మావి మేమే చదువుకున్నం అక్కా. మూడేండ్లవి. గుర్రాలగుండం గూడెం సంఘమోళ్ళు గూడ మాకు రాసిండ్రంట, మాకు తెల్వనే తెల్వదు. ఎంత రాసినా పలకనిది మైదానపోళ్ళే అనుకుంటిమి."

"ఆపింది నేనే."

"అది గూడ చదివినం." చిన్నమ్మ గొంతు తగ్గలేదు, పెరగలేదు. "ముసలోళ్ళు రెండోసారి చదివించుకున్నరు. విన్నాము అని రాయలే. గీ ఒక్కటి వచ్చే సోమవారం మల్ల చదవాలె, అప్పుడు చూద్దాం అని పక్కకు పెట్టిండ్రు."

వనజ కలం కింద పెట్టింది.

"పదకొండు గూడేలల్ల గట్లనే చేసిండ్రక్కా. నీది ఆగింది."